ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ కాడ ఆయిల్ కారుతుంది, ఇంట్లనే మార్చుకోవచ్చా?

పానగల్లు వాసి:

అందరికి నమస్తే. నల్లగొండకెళ్లి రాస్తున్న. నాది 2012 మోడల్ చిన్న పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు, నాలుగేండ్ల కింద మా బావ కాడ కొన్న, ఇప్పటికి 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. రోజు డ్యూటీకి హాలియా దాక పోయొస్త. నెల రోజుల సంది బండి ఆపి దిగంగనే మాడిన నూనె వాసన గుప్పున కొడుతుంది. మొదట్ల ముందల పోయే లారీదేమో అనుకొని వదిలేసిన గని ఇప్పుడు ఏసీ పెడితే లోపటికి సుత వస్తుంది, పిల్లలు ముక్కు మూసుకొని కూసుంటున్నరు.

బానెట్ ఎత్తి టార్చ్ కొట్టి చూసిన. ఇంజన్ మీద ఆయిల్ పోసే మూత ఉండే పెద్ద కవర్, గదే ట్యాపెట్ కవర్, ఉంటది కదా, దాని అంచు పొడుగుత, ప్యాకింగ్ రబ్బర్ కూసునే కాడ తడి, ఆ తడికి దుమ్ము పట్టి నల్లగ తారు లెక్క అయింది. వెనక దిక్కు ఇంక ఎక్కువుంది, ఆడికెళ్లి జారి సైలెన్సర్ పైపు మొదలయ్యే కాడ పడి మాడుతున్నట్టుంది. ఇంటి ముందల షాబాద్ బండల మీద పొద్దుగాల లేచి చూస్తే రూపాయి బిళ్ళంత మరక, సబ్బు పెట్టి తోమినా పోతలేదు. డిప్ స్టిక్ చూస్తే పది రోజులల్ల పై గీత కెళ్లి నడుమకు వచ్చింది.

ఇద్దరు మెకానిక్‌లకు చూపెట్టిన. ఒకాయన ఇంజన్ కిందికి దించాలె ఇరవై వేలైతది అన్నడు, ఇంకొకాయన ప్యాకింగ్ ఎందుకు, చుట్టూత సిలికాన్ పెట్టి బిగిస్త, ఎనిమిది వందలియ్యి అన్నడు. ఇరవై వేలకు ఎనిమిది వందలకు నడుమ ఇంత తేడా ఉంటే ఎవరిని నమ్మాలె? రెండేండ్ల కింద సుత గీన్నే కారితే ఒక షాపుల ప్యాకింగ్ మార్చినం అని పైసలు తీసుకున్నరు, ఇప్పుడు చూస్తే అంచుల కెళ్లి బూడిద రంగు పేస్టు బయటికి ఉబ్బి కనబడుతుంది. అసలు ప్యాకింగ్ మార్చిండ్రా లేదా అని అనుమానమొస్తుంది నాకు.

నా దగ్గర గోటీ పానా సెట్టు ఉంది, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ముందల బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంట. టార్క్ రెంచ్, అంటే ఎంత బిగువైందో కొలిచే పానా, లేదు. ఇది ఇంటి కాడ అయ్యే పనేనా, ప్యాకింగ్ ఒక్కటి తెస్తే సరిపోతదా ఇంకేమన్న తేవాల్నా, సిలికాన్ పెట్టాల్నా వద్దా, జర తెలిసినోళ్లు చెప్పుండ్రి. మూడు వారాలల్ల ఇంటిల్లిపాది శ్రీశైలం పోయేదుంది, దేవరకొండ డిండి మీదికెళ్లి, ఆ ఘాట్‌ల ఈ బండి ఎక్కియ్యాలంటే భయమైతుంది.


మిర్యాలగూడ డీసీఎం:

తమ్మీ నమస్తే. నేను ముప్పై ఏండ్ల సంది లారీలు, డీసీఎంలు, ట్రాక్టర్ల మీద పనిచేస్తున్న, కార్లు తక్కువనే గని కారే ఆయిల్ ఎక్కడైనా ఒక్కటే.

ముందుగల ఇంజన్ దించుడు అన్న మాట మర్చిపో. ట్యాపెట్ కవర్ అన్నిటికన్నా పైన ఉండే మూత, అన్నం కుండ మీది మూత తీయనీకి పొయ్యి పీకుతరా ఎవరన్న. ఆయన వెనక కారేది చూసి క్రాంక్ వెనక సీల్, అంటే ఇంజన్ గేర్‌బాక్స్ కలిసే కాడ ఆయిల్ ఆపే సీల్, అనుకున్నడేమో, అది పోతే మాత్రం గేర్‌బాక్స్ ఇప్పాలె, పని పెద్దదే. అందుకే ప్యాకింగ్ కొనకముందే ఎక్కడికెళ్లి కారుతుందో ఖాయం చేసుకో. ఆయిల్ పైకెళ్లి కిందికి జారుతది, బండి ఉరుకుతుంటే గాలికి వెనకకు కొట్టుకపోతది, కింద సుక్క పడ్డ జాగల లీక్ ఉన్నదనుకునుడు పెద్ద తప్పు. తడి ఉన్న అన్నిటికన్నా పై జాగ ఏదో చూడాలె.

గిట్ల చెయ్యి. ఇంజన్ పూర్తిగ సల్లారినంక బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టి పాత పండ్ల బ్రష్‌తోని ఆ కవర్ చుట్టూత, దాని కింద హెడ్ (ఆ కవర్ కూసునే అల్యూమినియం దిమ్మె), ఆయిల్ ప్రెజర్ స్విచ్, క్యామ్ సెన్సర్, చైన్ కవర్ అంచు అంత శుభ్రం తోము. నీళ్ల ప్రెజర్ మాత్రం కొట్టకు, ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్స్‌లకు పోతే అదొక తలనొప్పి. ఆరినంక ఇంట్ల మొఖానికి పూసుకునే పౌడర్ ఉంటది కదా, అది ఆ అంచులెంబడి పల్చగ చల్లు. ఇంజన్ స్టార్ట్ చేసి ఇరవై నిమిషాలు నడువనియ్యి, లేదంటే పానగల్లు కెళ్లి గడియారం సెంటర్ దాక ఒక చక్కర్ కొట్టి రా. తెల్ల పౌడర్ మీద ఆయిల్ ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనబడతది. దీనికి మించిన పరీక్ష లేదు, పది రూపాయల ఖర్చు లేదు.

రెండోది, ఇది చాలామంది చూడరు. ఇంజన్‌ల పెట్రోల్ మండినప్పుడు కొంత గాలి పిస్టన్ రింగుల పక్కకెళ్లి కిందికి దిగుతది, ఎంత కొత్త ఇంజన్‌ల అయినా దిగుతది. ఆ గాలి బయటికి పోనీకి పీసీవీ వాల్వ్ అని ఒకటి, దాని పైపు ఒకటి ఉంటయ్, మళ్ల ఇంజన్ గాలి పీల్చే ఇన్‌టేక్‌లకు పోతది ఆ గాలి. ఆ తొవ్వ మూసుకపోతే లోపట ప్రెజర్ పెరిగి ఎక్కడ బలహీనంగుంటే ఆడికెళ్లి ఆయిల్‌ను నూకుతది. అసుంటప్పుడు నువ్వు బంగారపు ప్యాకింగ్ పెట్టినా కారుడు ఆగదు.

ఒకసారి రైస్ మిల్లుకు వడ్లు కొట్టే డీసీఎంకు ఒక్క సీజన్‌ల మూడుసార్లు ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చిన. పెట్టుడు, పదిహేను రోజులకు మళ్ల కారుడు. ఓనర్ నా మీద గరమైండు, నాకు సుత రాత్రిల్ల నిద్ర పట్టలే, నా చెయ్యిల తప్పెక్కడుంది అని. నాలుగోసారి కింద పడుకొని చూస్తుంటే ఆ గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు చివర మట్టి కనబడ్డది. బండి రెండు నెలలు ఖాళీగ నిలబడ్డప్పుడు కందిరీగ దాంట్ల గూడు కట్టింది, వేలు పొడుగు ఎర్రమట్టి, ఇటుక లెక్క గట్టిపడ్డది. తీగతోని పొడిచి తీసినంక అదే ప్యాకింగ్, అదే కవర్, ఒక్క సుక్క రాలే. నీ బండికి పైపు బయటికి ఉండదు, మూసి ఉంటది గని లోపట జిడ్డుతోని పూడుకపోవచ్చు, లక్ష దాటింది కదా.

పరీక్ష ఏందంటే, ఇంజన్ ఊరికే నడుస్తుండంగ ఆయిల్ మూత తీసి ఆ రంధ్రం మీద పల్చటి పాలిథిన్ కవర్ పెట్టు. కవర్ లోపటికి గుంజినట్టు అయితే మంచిదే. పొంగి పైకి లేస్తుందంటే తొవ్వ మూసుకపోయినట్టు, లేకపోతే రింగులు అరిగినట్టు. పీసీవీ వాల్వ్ ఇప్పి చెవి కాడ ఊపితే టకటక సప్పుడు రావాలె, రాకపోతే మార్చు, అది పెద్ద ధర ఉండదు.


పాలమూరు పిల్లలమర్రి:

అన్నా, నేను ఇదే పని పోయిన ఎండాకాలం మా ఇంటి ముందల చేసుకున్న, మహబూబ్‌నగర్‌ల. రెండుసార్లు చేసిన అంటే సరిగ్గుంటది, ఎందుకంటే మొదటిసారి తప్పు చేసిన. ఆ తప్పు మీరు చెయ్యొద్దని మొత్తం రాస్తున్న, జర పొడుగైతది ఓపికతోని చదవండి.

సామాను ఏమేం కావాలంటే, ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, దాంతోపాటు ప్లగ్గులు దిగే గొట్టాల చుట్టూ ఉండే గుండ్రటి సీళ్లు నాలుగు. ఈ సీళ్లు అడగకపోతే షాపాయన ఇయ్యడు, తీరా కవర్ ఇప్పినంక మళ్ల బజారుకు ఉరకాలె. కొన్ని బండ్లల్ల ఈ సీళ్లు కవర్‌లనే అతికి ఉంటయ్, వేరేగ దొరకవు, అందుకే ఆర్సీ తీస్కపోయి ఛాసిస్ నంబర్ చెప్పి తెచ్చుకోండి. నేను ఇక్కడ దొరకక హైదరాబాద్ పోయినప్పుడు రాణిగంజ్‌ల తెచ్చిన. ఆయిల్ తట్టుకునే బూడిద రంగు సిలికాన్ చిన్న ట్యూబ్ ఒకటి, బ్రేక్ క్లీనర్ ఒకటి, ప్లాస్టిక్ గీరుడు పలక, నూలుపోగులు రాలని పాత కాటన్ గుడ్డలు చాన్నే కావాలె. ఇంకొకటి, టార్క్ రెంచ్. ఎవరి దగ్గరన్న అడిగి తెచ్చుకోండి, ఎందుకో కింద చెప్త.

రాత్రంత సల్లారిన ఇంజన్ మీద పొద్దుగాల మొదలువెట్టండి. ఎండ ముదిరితే మన కాడ మే నెలల బానెట్ కూడ పట్టనియ్యదు. ఇప్పే ముందు ఫోన్‌ల నాలుగు దిక్కుల కెళ్లి ఫోటోలు తీసుకోండి, ఏ పైపు ఎటు పోయిందో తర్వాత యాదికి ఉండదు. బ్యాటరీ నెగెటివ్ ఇప్పండి. కాయిల్ కనెక్టర్లు పన్నెండేండ్ల ఎండకు పెళుసైపోయి ఉంటయ్, లాక్ కాడ బొటనవేలుతోని మెల్లగ ఒత్తి గుంజాలె గని వైరు పట్టుకొని గుంజొద్దు. కాయిల్స్‌కు ఒకటి రెండు మూడు నాలుగు అని టేపు అతికిచ్చి రాసుకోండి.

కాయిల్ పీకినంక ఆ గుంత లోపటికి టార్చ్ కొట్టి చూడండి. ఆడ ఆయిల్ నిల్వ ఉంటే లోపటి సీళ్లు కూడ పోయినట్టు లెక్క. ఆ ఆయిల్ ఉండంగ ప్లగ్గు ఇప్పొద్దు, అంత సిలిండర్‌లకు దిగుతది. పెద్ద సిరంజికి సన్న పైపు పెట్టి గుంజి, గుడ్డ పురి పెట్టి అద్ది తీసి, అప్పుడు ముట్టుకోండి.

కవర్ బోల్టులు అన్ని ఇప్పినంక కవర్ దబ్బున రాదు, ప్యాకింగ్ అతుక్కొని ఉంటది. అప్పుడే చాలామంది స్క్రూడ్రైవర్ అంచుల పెట్టి లేపుతరు. అల్యూమినియం మీద ఒక్క గీత పడ్డదంటే ఆ గీతకెళ్లి జన్మంత కారుతది. రబ్బర్ సుత్తెతోని, లేకపోతే కట్టెముక్క అడ్డం పెట్టి పక్కకెళ్లి మెల్లగ తట్టుకుంట పోతే ఒక జాగల ఊడతది, ఆన్నుంచి చేతులతోనే లేపొచ్చు. తీసినంక వాల్వులను ఒత్తే క్యామ్‌లు, వాటిని తిప్పే చైన్ అన్ని బయటపడతయ్, ఎంబడే శుభ్రమైన గుడ్డ కప్పండి. చైన్ దిగే బొంద మాత్రం ముందుగల గట్టిగ మూయండి, ఆండ్ల చిన్న నట్టు పడ్డా అప్పుడు నిజంగనే ఇంజన్ ఇప్పాల్సొస్తది.

నా పాత ప్యాకింగ్ గాడిలకెళ్లి పీకుతుంటే వంగలే, అప్పడం ఇరిగినట్టు పటుక్కున ఇరిగింది. కొత్తది పక్కకు పెట్టి చూసిన, అది వేలుకు చుట్టుకుంటే చుట్టుకుంటది, వదిలితే మళ్ల సాపైతది. రబ్బర్ ఏండ్ల వేడికి గట్టిపడి చపాతీ లెక్క సదునైపోయినంక దాంట్ల తిరిగి పొంగే గుణం ఉండదు, అందుకే కారుడు. దాన్ని ఇంక బిగిస్తే ఆగుతది అనుకునుడు తప్పు, ఎండిపోయిన దాన్ని ఎంత ఒత్తినా ఏమొస్తది.

అసలు పని ఇక్కడుంది. కవర్ గాడి, హెడ్ మీది అంచు, రెండు అద్దం లెక్క శుభ్రం కావాలె. నాకు బోల్టులు ఇప్పుకునుడు, బిగించుడు అరగంటైతే ఈ తుడుసుడు రెండున్నర గంటలు పట్టింది. పాత సిలికాన్ ఉంటే గీరుడు పలకతోని కొంచెం కొంచెం తీసి, గుడ్డకు బ్రేక్ క్లీనర్ పెట్టి తుడిచి, వేలు గోరుతోని అంచు పొడుగుత తడిమి చూడండి. గోరుకు ఏదన్న తగిలితే ఇంక అయిపోలేదన్నట్టు. ఆయిల్ తడి కూడ ఉండొద్దు. మొదటిసారి నేను ఇక్కడ తొందరపడ్డ, వెనక మూలకు చెయ్యి అందక ఉజ్జాయింపుగ తుడిచి వదిలేసిన, సరిగ్గ అదే మూలకెళ్లి నాలుగో రోజు కారింది.

కొత్త ప్యాకింగ్ ఉత్తదే గాడిల కూసోవాలె, దానికి చుట్టూత సిలికాన్ పెట్టొద్దు. సిలికాన్ పెట్టేది చైన్ కవర్ వచ్చి హెడ్‌కు కలిసే రెండు మూలల కాడ, ఆడ మూడు ముక్కలు కలుస్తయ్ కాబట్టి సన్న సందు ఉంటది, రబ్బర్ దాన్ని నింపలేదు. కొన్నిటికి వెనక అర్ధచంద్రం లెక్క ఉండే కాడ కూడ చెప్తరు. పెసరగింజంత చుక్క, అంతే. పెట్టినంక ఐదు నిమిషాలల్ల కవర్ కూసోవెట్టాలె, పైన పొర కట్టినంక అతకదు. కవర్ సక్కగ మీదికెళ్లి దించాలె, పక్కకు జరుపుతే ప్యాకింగ్ గాడిలకెళ్లి జారి మడత పడతది.

ఇగ బిగించుడు. ఈ కవర్‌కు ఉండే 10 నంబర్ బోల్ట్ అంటే దాని తల 10, ఒళ్లు 6 ఎంఎం మాత్రమే, అది దిగేది మెత్తటి అల్యూమినియంల. చాలా బండ్లల్ల దీని టార్క్ 8 కెళ్లి 10 న్యూటన్ మీటర్ల నడుమ ఉంటది, మీ బండి మాన్యువల్‌ల ఏముందో అదే పట్టుకోండి. 10 న్యూటన్ మీటర్లు అంటే 15 సెంటీమీటర్ల పిడి చివర ఏడు కిలోల కంటె కొంచెం తక్కువ బరువు వేలాడదీసినంత, చక్రం నట్టు బిగించే అలవాటు చెయ్యికి అది అసలు బిగించినట్టే అనిపియ్యదు. నేను మొదటిసారి టార్క్ రెంచ్ లేకుండ పొడుగు రాచెట్‌తోని గుంజితే ఒక బోల్ట్ గట్టిగైతున్నది కాస్త ఉన్నట్టుండి మెత్తగైంది, చేతికే తెలుస్తది అది, గుండె జారిపోయింది నాకు. ముందు అన్ని చేత్తోని దింపుకొని, నడిమి బోల్ట్ కెళ్లి మొదలువెట్టి ఎదురుబొదురుగ బయటికి వచ్చుకుంట, మూడు దఫాలుగ కొంచెం కొంచెం బిగించాలె.

ఆ రాత్రి స్టార్ట్ చెయ్యొద్దు, సిలికాన్ ఆరనియ్యండి. తెల్లారి స్టార్ట్ చేస్తే మానిఫోల్డ్ (సైలెన్సర్ పైపు మొదలయ్యే కాడ) మీద పడ్డ పాత ఆయిల్ మాడి పొగొస్తది, ఐదు పది నిమిషాలల్ల తగ్గుతది. అయినా పక్కకు ఒక బకెట్ ఇసుక పెట్టుకోండి, ఆయిల్ మంటకు నీళ్లు పనికిరావు.


సూర్యాపేట్ బైపాస్:

పైన చెప్పినవన్ని బాగున్నయ్ గని సిలికాన్ చుట్టూత పెట్టొద్దు అన్న మాటకు నేను ఒప్పుకోను. నేను పదేండ్ల సంది ప్యాకింగ్‌తోపాటు పల్చగ చుట్టూత పెడుతున్న, ఒక్క బండి తిరిగి రాలేదు. ఊర్లల్ల దొరికే ప్యాకింగ్‌లు అన్ని కంపెనీవి కావు, కొన్ని గాడిల వదులుగ ఉంటయ్, అప్పుడు సిలికానే ఆదుకుంటది.


పాలమూరు పిల్లలమర్రి:

అన్నా మీ అనుభవాన్ని కాదంటలేను. గని సిలికాన్ బయటికి ఎంత ఉబ్బుతదో లోపటికి అంతే ఉబ్బుతది, బయటిది మనకు కనబడతది, లోపటిది కనబడదు. ఆ తోక తెగి ఆయిల్‌ల పడి కింద ఆయిల్ నిల్వ ఉండే ఛాంబర్‌ల జాలి కాడికి పోతది. మా దోస్తు బండి ఛాంబర్ ఇప్పినప్పుడు నేను పక్కనే ఉన్న, ఆయిల్ పంప్ జాలికి సేమ్యా లెక్క బూడిద రంగు ముక్కలు అతుక్కొని సగం మూసుకపోయింది. ఆయిల్ లైట్ మినుక్కుమినుక్కుమంటుందని తెచ్చిండు ఆయన, ఇంకొన్ని రోజులైతే బేరింగులు పోతుండె. రబ్బర్ ప్యాకింగ్ పని ఒత్తుకొని తిరిగి పొంగుడు, దానికింద సిలికాన్ ఉంటే జారుతది కూడ. ప్యాకింగ్ వదులుగ ఉందంటే అది ఆ బండిది కాదు, వాపస్ చేసి సరైంది తెచ్చుకునుడే మంచిది.


మిర్యాలగూడ డీసీఎం:

ఇద్దరి మాటల నిజముంది. పాత ట్రాక్టర్లకు రేకు కవర్, కార్క్ ప్యాకింగ్ వస్తది, దానికి కవర్ దిక్కు పల్చగ పూసి అతికిస్తే పని చేసేటప్పుడు కదలదు, మేము అట్లనే చేస్తం. గాడిల కూసునే రబ్బర్‌కు మాత్రం వద్దు. తమ్ముడిది రబ్బరే.


పానగల్లు వాసి:

అందరికి శానా థాంక్స్. డీసీఎం అన్న చెప్పినట్టు పౌడర్ పరీక్ష చేసిన, వెనక మూలకెళ్లి గీత గీసినట్టే దిగింది, క్రాంక్ సీల్ కాడ పొడిగుంది. పాలిథిన్ కవర్ పెడితే పొంగింది అన్నా. పీసీవీ వాల్వ్ ఇప్పి ఊపితే సప్పుడే లేదు, లోపట నల్ల జిగురు. కొత్త వాల్వ్, ప్యాకింగ్, సీళ్లు అన్ని తెచ్చి ఇయ్యాల ఆదివారం పొద్దుగాల మొదలువెట్టిన.

ఇప్పుడు కవర్ తీసి గుడ్డ కప్పి ఇది రాస్తున్న. నా అనుమానం నిజమైంది, లోపట కంపెనీ పాత ప్యాకింగే ఉంది, దాని మీదికెళ్లే చుట్టూత సిలికాన్ రుద్ది పెట్టిండ్రు. పైసలు పోతే పోయినయ్ గని రెండేండ్లు కొత్త ప్యాకింగ్ ఉందనుకొని పిల్లలను ఎక్కించుకొని తిరిగిన కదా అని బాధైతుంది. మూడో నంబర్ ప్లగ్గు గుంతల బొటనవేలు గోరు లోతు ఆయిల్ ఉండె, సిరంజితోని తీసిన. గీరుడు పని సగమైంది.

ఒక్కటే సమస్య. ముందల మూలకు ఉండే బోల్ట్ ఇప్పేటప్పుడే వదులుగొచ్చింది, ఇప్పుడు ఉత్తది చేత్తోని దింపి చూస్తే చివరికి పోయినంక ఊరికే తిరుగుతుంది. బోల్ట్ సందుల వెండి రంగు సన్న తీగ లెక్క వచ్చింది. ఏం చెయ్యాలె? కొంచెం పొడుగు బోల్ట్ పెడితే పట్టుకుంటదా?


మిర్యాలగూడ డీసీఎం:

ఆ తీగ హెడ్‌ల త్రెడ్డు తమ్మీ, ఎవరో ముందే అతిగ బిగించి చంపిండ్రు. పొడుగు బోల్ట్ ఉత్తగనే పెట్టకు. బొక్క అడుగు దాక సన్న పుల్ల పెట్టి లోతు కొలువు, బోల్ట్ పొడుగు కొలువు, కింద ఇంక మంచి త్రెడ్డు మిగిలి ఉంటే నాలుగు ఎంఎం పొడుగుది పట్టుకుంటది. లోతు లేకుండ పెడితే అడుగుకు తాకి ఆగుతది, నీకు బిగిసినట్టే అనిపిస్తది గని కవర్ ఒత్తుకోదు, ఇంక తిప్పితే అడుగు పలుగుతది.

లోతు లేదంటే హెలికాయిల్, అంటే పోయిన త్రెడ్డు జాగల పెట్టే స్ప్రింగ్ లెక్కటి కొత్త త్రెడ్డు, ఏపియ్యి. 6 ఎంఎం బోల్ట్, 1 ఎంఎం పిచ్ అని చెప్పు. నల్లగొండల లేత్ షాపులల్ల ఈ పని చేస్తరు, కవర్ తీసిన బండి నడపలేవు కాబట్టి ఆయననే సామానుతోని ఇంటికి పిలుచుకో. త్రెడ్డు కోసే ట్యాప్ కొట్టేటప్పుడు దానికి గ్రీజు పూయమను, రజను గ్రీజుకు అతుక్కొని బయటికొస్తది. చుట్టూత తడి గుడ్డలు గట్టిగ పరుచు, ఆ పని అయిందాక నువ్వు ఆన్నే నిలబడు. అల్యూమినియం రజను క్యామ్ బేరింగ్‌లకు పోతే ఈ లీకు కన్నా పెద్ద కథైతది. తొందర లేదు, ఇయ్యాల కాకపోతే రేపు, గుడ్డ కప్పి బానెట్ వేసి పెట్టు.


పానగల్లు వాసి:

లోతు కొలిచిన, మిగల్లే. సోమవారం లేత్ ఆయన వచ్చి హెలికాయిల్ ఏసిండు, నలభై నిమిషాల పని, నేను టార్చ్ పట్టుకొని పక్కనే ఉన్న. మాపటికి ఎనిమిదింటికి కవర్ కూసోవెట్టిన. మా స్కూల్ కాడ బైక్ మెకానిక్ దగ్గర చిన్న టార్క్ రెంచ్ దొరికింది, 8 కు పెట్టి మూడు దఫాలుగ బిగించిన. పాలమూరు అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, టక్ మన్నప్పుడు ఇంతేనా అనిపించింది, ఇంక జర తిప్పాలని చెయ్యి గుంజింది గని ఆగిన.

మంగళవారం పొద్దుగాల స్టార్ట్ చేస్తే మొదలు మూడో సిలిండర్ కొట్టుకున్నది, రెండు నిమిషాలు తెల్లపొగ నీలిపొగ కలిసొచ్చి తర్వాత సాపైంది. ఇప్పటికి మూడు రోజులు, హాలియా రెండు పూటలా తిరుగుతున్న, వాసన లేదు. మళ్ల పౌడర్ చల్లి పెట్టిన.


పాలమూరు పిల్లలమర్రి:

మంచిగైంది అన్నా. ఇప్పుడు ఒక్క పని చెయ్యొద్దు, వారం పది రోజులైనంక ఒకసారి గట్టిగ చేద్దాం అని మళ్ల పానా పెట్టొద్దు, వేడి మీద అసలు పెట్టొద్దు. ఆయిల్ మాత్రం మార్చండి, కవర్ తీసినప్పుడు ఎంత పైలంగున్నా కొంత చెత్త పడే ఉంటది. శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూర్ చెక్‌పోస్టు కాడ ఎట్లాగు ఆగుతరు, ఇంజన్ బంద్ చేసి ఐదు నిమిషాలు ఆగి డిప్ స్టిక్ చూడండి, ఆన్నుంచి అంత అడవి, మెకానిక్ దొరకడు. రాత్రి తొమ్మిదికి గేటు మూస్తరు కాబట్టి పొద్దుండంగనే దాటండి.


పానగల్లు వాసి:

నిన్న రాత్రి వచ్చినం శ్రీశైలం కెళ్లి. ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ బంద్ పెట్టి పోయినం, మన్ననూర్ కాడ చూసిన, దోమలపెంట కాడ చూసిన, ఇంటికొచ్చినంక చూసిన, ఆయిల్ పై గీత మీదనే ఉంది. వెనక మూలకు పౌడర్ తెల్లగనే ఉంది.

ఒక్కటి అడగాలె. మూడో నంబర్ కాయిల్‌కు కింద ఉండే రబ్బర్ బూట్ ఆయిల్‌ల నానినందుకేమో ఉబ్బి మెత్తగైంది, వేరేటియి గట్టిగున్నయ్. ఎక్కుడుల ఒకట్రెండు సార్లు జర్క్ లెక్క అనిపించింది. ఆ బూట్ ఒక్కటి దొరుకుతదా, కాయిలే కొనాల్నా?


పాలమూరు పిల్లలమర్రి:

చాలా బండ్లకు బూట్ వేరేగ దొరుకుతది అన్నా, లోపటి స్ప్రింగ్ తోని కలిపి ఇస్తరు. దాన్ని అట్లనే వదలొద్దు, కరెంటు ప్లగ్గుకు పోకుండ పక్కకెళ్లి గుంత గోడకు దూకుతది, కాయిల్ కూడ పోతది. ముందుగల మూడో నంబర్ కాయిల్ తీసి రెండో దాంట్ల పెట్టి చూడండి, జర్క్ దాంతోపాటు జరిగితే కాయిల్ కాడనే ఉంది తప్పు, మూడుల్నే ఉంటే ప్లగ్గు చూడండి.